స్క్రీన్ మొత్తం మార్చేసినారు. కంప్లైంట్ ఎట్లా రాస్తే వింటారు?

పెన్న ఒడ్డు (కడప)

అందరికీ నమస్కారం. మాది కడపలో మందుల హోల్‌సేల్ అంగడి. రాయచోటి, బద్వేలు, పులివెందుల, మైదుకూరు మెడికల్ షాపుల వాళ్ళు రాత్రి వాట్సాప్‌లో ఆర్డర్లు పెడతారు. పొద్దున మేం బిల్లులు తీసి, అట్టపెట్టెలు కట్టి, ఆర్టీసీ కార్గోకు వేస్తాం. బండి తప్పితే ఆ ఊరికి సరుకు మరుసటి రోజే. అక్కడ ఎవరో ఒకరు షుగరు మందు కోసమో, ఫిట్స్ మందు కోసమో కాచుకోనుంటారు.

ఏండ్ల తరబడి ఒకటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. పేరు చెప్పను, తగువు పెట్టడం నా ఉద్దేశం కాదు. పాత వెర్షన్‌లో మౌస్ ముట్టుకునే పనే లేదు. మందు పేరులో మొదటి అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే బ్యాచ్‌ల లిస్టు వస్తుంది. కింది బాణంతో దిగి ఎంటర్, క్వాంటిటీ, మళ్ళీ ఎంటర్. మా గుమాస్తా ఆర్డరు చీటీ మీదే కన్ను పెట్టి, స్క్రీన్ చూడకుండా కొట్టేవాడు.

ఒక పొద్దున అంగడి తెరిచేసరికి అంతా మారిపోయింది. బ్యాచ్ ఎంచుకోవాలంటే పక్కన ఒక విండో తెరుచుకుంటాది. దాంట్లో ఎంటర్ పనిచేయదు, మౌస్‌తో నొక్కాల. ఎక్స్‌పైరీ కాలమ్ కనపడదు, ఒక చిన్న బాణం గుర్తు నొక్కితే బయటికి వస్తాది. మా పనిలో ముందుగా గడువు తీరే బ్యాచ్ ముందు పోవాల. అది కంటికి కనపడకపోతే పాత సరుకు అల్మరాలోనే మిగిలిపోతాది, ఆ నష్టం మాది.

సపోర్టుకు ఫోన్ చేస్తే "అలవాటైపోతుంది సార్" అన్నారు. మెయిల్ పెడితే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు. మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. ఇట్లాంటివి కంపెనీలు నిజంగా పట్టించుకుంటాయా? పట్టించుకునేటట్టు రాసే పద్ధతి ఏదైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.


గడియార స్తంభం (అనంతపురం)

అన్నా, నాది డీటీపీ సెంటరు. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు. ఇప్పటికీ పేజీలు అమర్చడానికి పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకు "అను" ఫాంట్లే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత అడోబీ వాళ్ళు ఇన్‌డిజైన్ వైపు పోయినారు, దీన్ని వదిలేసినారు. మాకు అదే మేలైంది. ఏ మెనూ యాడుండాదో అప్పటి నుంచి ఆడనే ఉండాది. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ లేదు, అప్‌డేట్ లేదు. నా మాట వింటే అప్‌డేట్ ఆపేసి పాతదానికే పోండి.


పెన్న ఒడ్డు (కడప)

తమ్ముడూ, నీ పనికి అది కుదురుతాది, మాకు కుదరదు. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగింది. కొన్నిటికి అసలే లేకుండా పోయింది. ఆ రోజు నుంచి బిల్లు కొత్త రేటుతోనే పోవాల. ప్రభుత్వం లెక్క మార్చినప్పుడల్లా మేం అప్‌డేట్ తీసుకోక తప్పదు. పన్ను మార్పు కోసం తీసుకునే అప్‌డేట్‌తోనే స్క్రీన్ మార్పు కూడా కట్టి పంపుతారు. ఒకటి కావాలంటే రెండోది మింగాల్సిందే. నా కోపమంతా అక్కడే.


బురుజు నీడ (కర్నూలు)

పెన్న ఒడ్డు అన్నా, నేను బెంగళూరు కంపెనీకి కర్నూలు నుంచే పనిచేస్తా. సాఫ్ట్‌వేర్ తయారుచేసే వైపు ఉన్నోణ్ణి. లోపల ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్తా.

మీ మెయిల్ ఎవరూ చదవలేదని అనుకోవద్దు. చదివారు. చదివి, "కొత్త డిజైన్ నచ్చలేదు" అనే గంపలో వేసి పెట్టారు. డిజైన్ మార్చిన ప్రతిసారీ ఆ గంప నిండుతుంది. మొదటి నెలలో గోల ఉంటుందని విడుదలకు ముందే లెక్కలో వేసుకొని ఉంటారు. వాడకం గ్రాఫు కొంచెం దిగి మళ్ళీ లేస్తే "అలవాటు పడ్డారు" అని రాసుకుంటారు.

ఈ నమ్మకం ఊరికే రాలేదు. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ స్నేహితుల కబుర్లన్నీ ఒకేచోట చూపే న్యూస్ ఫీడ్ తెచ్చినప్పుడు విద్యార్థులు లక్షల్లో వ్యతిరేక గ్రూపుల్లో చేరారు. జుకర్‌బర్గ్ అప్పుడు శాంతంగా ఉండండి, మీ మాట వింటున్నాం అని రాశాడు. కొద్దిరోజుల్లో ప్రైవసీ సెట్టింగులు చేర్చారు కానీ ఫీడ్ తీసేయలేదు. తర్వాత అదే ఆ కంపెనీకి వెన్నెముక అయింది. ఆ కథ విన్న ప్రతి ప్రోడక్ట్ మేనేజరూ తన మార్పు కూడా అట్లాంటిదే అనుకుంటాడు. అందరిదీ అట్లాంటిది కాదు, అదీ చిక్కు.

ఇంకో సంగతి, ఇది మీ కేసుకు నేరుగా తగులుతుంది. సాఫ్ట్‌వేర్ లోపలి నుంచి ఏది ఎన్నిసార్లు నొక్కారో లెక్క పోతుంటుంది. కొత్త బ్యాచ్ విండోలో మీ గుమాస్తా వేరే దారి లేక రోజంతా మౌస్‌తో నొక్కుతుంటే, కంపెనీ వాళ్ళ గ్రాఫులో "కొత్త విండో బ్రహ్మాండంగా వాడుతున్నారు" అని కనిపిస్తుంది. విసుగును కొలిచే మీటరు ఆ లెక్కలో లేదు. అందుకే మనిషి రాసిన మాట కావాలి, అది సరైన రూపంలో ఉండాలి.


రేనాడు (కర్నూలు)

నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతాను. బురుజు నీడ గారు చెప్పినదానికి అవతలి వైపు ఉదాహరణలు కూడా ఉన్నాయి, అవి కూడా ఇక్కడ ఉండాలి.

2010 ఆగస్టులో డిగ్ అనే, జనం వార్తల లింకులు పంచుకునే సైటు తన నాలుగో వెర్షన్ విడుదల చేసింది. వాడేవాళ్ళకు ఇష్టమైన సదుపాయాలు కొన్ని పోయాయి. జనం ఫిర్యాదు చేసి ఊరుకోలేదు, అలాంటిదే అయిన రెడిట్‌కు వెళ్ళిపోయారు. డిగ్ మళ్ళీ ఆ స్థాయికి రాలేదు. గ్రాఫు దిగి మళ్ళీ లేస్తుందని కూర్చుంటే లేవని సందర్భం అది.

విండోస్ 8 మన లాబుల్లో అందరం అనుభవించాం. 2012 అక్టోబరులో వచ్చింది, స్టార్ట్ బటన్ లేదు, పాత మెనూ బదులు స్క్రీన్ నిండా పలకలు. కంప్యూటర్ ఆపడం ఎలాగో తెలియక పిల్లలు వైరు పీకేవాళ్ళు. జనం స్టార్ట్ మెనూ వాడటం తగ్గించారని మైక్రోసాఫ్ట్ అప్పట్లో తమ దగ్గరున్న లెక్కలే చూపించింది. ఏడాది తర్వాత 8.1లో బటన్ తిరిగొచ్చింది, కానీ నొక్కితే పాత మెనూ రాదు, అదే పలకల స్క్రీన్ వస్తుంది. మెనూ నిజంగా తిరిగొచ్చింది 2015 జులైలో, విండోస్ 10తో. ఈలోగా క్లాసిక్ షెల్ లాంటి బయటివాళ్ళ ప్రోగ్రాములు వేసుకొని జనం నెట్టుకొచ్చారు. ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకటి, గట్టిగా వినిపించిన ఫిర్యాదు, అయినా దాదాపు మూడేళ్ళు.

ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వైపు సంగతి నాకు ఇంకా ఇష్టం. 2011 ఏప్రిల్‌లో అందులోని గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మూడో వెర్షన్, గ్నోమ్ 3 వచ్చి పాత డెస్క్‌టాప్ రూపాన్ని పూర్తిగా మార్చింది. లినక్స్ కెర్నెల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు బహిరంగంగా విమర్శించి ఎక్స్ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కు మారాడు. గ్నోమ్ బృందం దారి మార్చుకోలేదు. కానీ కోడ్ అందరిదీ కాబట్టి, పాత గ్నోమ్ 2ను తీసుకొని కొందరు మాటే (MATE) అనే డెస్క్‌టాప్ నడిపించారు. లినక్స్ మింట్ వాళ్ళు సినమన్ తయారుచేశారు. ఫిర్యాదు వినకపోతే ఆ ఫిర్యాదే ఇంకో సాఫ్ట్‌వేర్ అయింది. మా లాబులో ఇప్పుడు నడుస్తున్నది మాటేనే.

పెన్న ఒడ్డు గారికి ఆ దారి లేదని నాకు తెలుసు. మందుల వ్యాపారి కోడ్ రాసుకోలేడు. అయినా, "వేరే దారి ఉంది" అని కంపెనీకి తెలిసినప్పుడే వాళ్ళ చెవులు పనిచేస్తాయి అన్నది గుర్తుపెట్టుకోండి.


హంద్రీ (ఆదోని)

మీ అందరికీ వేరే దారి అనేది ఒకటుంది. నేను ఆఫీసు ఇచ్చిన యాప్‌లో ఇంటింటికీ తిరిగి వివరాలు ఎక్కించే ఉద్యోగం చేస్తున్నా. ఏ ఆఫీసో చెప్పలేను. ఒక రోజు యాప్ తెరిస్తే సేవ్ బటన్ కింద నుంచి పైకి పోయింది, కింద అదే చోట "రద్దు" వచ్చింది. ఎండలో నిలబడి, ముసలామె వేలిముద్ర మూడోసారికి పడినాక, వేలు అలవాటు చొప్పున కిందికి పోయింది. అంతా పోయింది. ఆమెను మళ్ళీ మొదట్నుంచి కూర్చోబెట్టినా. ఆమె ఏమీ అనలేదు, "కానీలే తల్లీ" అనింది. నాకే ఏడుపొచ్చింది.

ఆ బటన్ మార్చినవాళ్ళెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకు తెలియదు. వాడేది మేం, కొనేది పై ఆఫీసు. తయారుచేసినవాళ్ళు కొనేవాళ్ళ మాటే వింటారు. దీని గురించి ఎవరూ మాట్లాడరు ఎందుకని?


బురుజు నీడ (కర్నూలు)

హంద్రీ అక్కా, మీరు చెప్పిందే ఈ చర్చ మొత్తంలో పెద్ద విషయం. సేవ్ ఉన్న చోట రద్దు పెట్టడం ఇష్టాయిష్టాల సంగతి కాదు, ప్రమాదం. మా దగ్గర అట్లాంటిది రివ్యూలో ఆగాలి. ఆగలేదంటే పొలంలో, వీధిలో వాడి చూసిన మనిషి ఆ బృందంలో లేడని అర్థం.


శెనక్కాయ చేను (అనంతపురం)

ఒక సందేహం. 2018లో ఐఫోన్లలో మన "జ్ఞా" అక్షరం ఒకటి వస్తే మెసేజ్ యాప్‌లు కూలిపోయినాయి కదా. అప్పుడు యాపిల్ వాళ్ళు కొద్దిరోజుల్లోనే, ఫిబ్రవరి 19న, 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసినారు. తెలుగు వాడేవాళ్ళు ఐఫోన్లలో ఎంతమందిరా అని వాళ్ళు చూడలేదు. మరి స్టార్ట్ మెనూకు మూడేండ్లు ఎందుకు పట్టింది? ఎంతోమంది అడిగినారు కదా.


బురుజు నీడ (కర్నూలు)

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబులోనే పెన్న ఒడ్డు అన్నకు కావాల్సింది కూడా ఉంది.

జ్ఞా సంగతి బగ్గు, అంటే ప్రోగ్రాములో తప్పు. ఈ అక్షరం పంపు, యాప్ కూలుతుంది. ఎవరైనా చేసి చూడొచ్చు. "నాకు కూలడం ఇష్టమే" అనేవాడు ఉండడు. పైగా ఆ అక్షరం పంపి ఎవరి ఫోన్‌నైనా పాడుచేయొచ్చు, వార్త ప్రపంచమంతా పాకింది. సరిచేస్తే ఎవరి నిర్ణయమూ తప్పని ఒప్పుకోవాల్సిన పని లేదు.

స్టార్ట్ మెనూ తీసేయడం నిర్ణయం. దాని వెనక మీటింగులు, ప్రెజెంటేషన్లు, ఎవరిదో ప్రమోషన్ ఉంటాయి. దాన్ని వెనక్కి తిప్పాలంటే పైవాళ్ళు మారాలి లేదా అమ్మకాలు పడిపోవాలి.

అందుకే కంప్లైంట్ బగ్గు రాసినట్టు రాయండి. "పాత స్క్రీనే బాగుండె" అంటే అభిప్రాయం. "బ్యాచ్ విండోలో ఎంటర్ పనిచేయడం లేదు" అంటే లోపం. అభిప్రాయం గంపలో పడుతుంది, లోపానికి ఒక నంబరు వస్తుంది, ఎవరో ఒకరి పేరు మీద పడుతుంది, అది మూసేదాకా ఆ మనిషికి వారం వారం గుర్తుచేస్తుంటారు.


తుంగభద్ర గట్టు (కర్నూలు)

నాకు చూపు లేదు. బ్యాంకులో పనిచేస్తున్నాను. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాను. ఆస్ట్రేలియాలో 2006లో ఒక అంధుడు మొదలుపెట్టి, తన అంధ మిత్రుడితో కలిసి పెంచిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపిస్తుంది.

ఇంటర్‌ఫేస్ మారితే చూపున్నవాళ్ళు కాసేపు వెతుక్కుంటారు. మాకు వెతికే అవకాశమే ఉండకపోవచ్చు. బటన్ మీద అక్షరాలు తీసి బొమ్మ పెడతారు, దాని వెనక పేరు రాయరు. నాకు వినిపించేది "బటన్", "బటన్", "బటన్" అంతే. డబ్బు పంపే బటన్ ఏది, తొలగించే బటన్ ఏది? నేను ఒక సర్వీసు వాళ్ళకు ఇది రాస్తే "మా కొత్త డిజైన్ మరింత సరళంగా ఉంది" అని జవాబు వచ్చింది.

బురుజు నీడ గారి సలహా పాటిస్తాను, నేను రాసేదీ అలాగే. ఎన్‌వీడీఏ వెర్షన్, పేజీ, ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కితే ఏం వినిపిస్తుందో రాస్తాను. కానీ ఒక మాట. అన్ని నష్టాలూ లోపం రూపంలోకి రావు. ఒక యాప్‌ను నేను చెవితో కంఠస్థం చేసుకుంటాను. మూడో ట్యాబ్ బ్యాలెన్సు, ఐదోది స్టేట్‌మెంటు. అది తిరగేస్తే కొత్త స్క్రీన్‌లో ఒక్క లోపమూ లేకపోయినా నా శ్రమంతా పోతుంది. దానికి బగ్గు నంబరు ఉండదు. అలవాటు కూడా ఆస్తే. దాన్ని తీసుకునేముందు అడగాలి.

చట్టం మావైపు ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది. ఈ-కేవైసీలో కళ్ళార్పమని అడిగితే ఆర్పలేని మనుషులు వేసిన కేసు అది. ఫిర్యాదులో ఆ వాక్యం ఒకటి చేర్చడం మొదలుపెట్టాక నాకు జవాబులు త్వరగా వస్తున్నాయి.


రేనాడు (కర్నూలు)

తుంగభద్ర గట్టు గారి మాటకు నేను పూర్తిగా కట్టుబడతాను. "బగ్గులా రాయండి" అనేది తెలివైన సలహా, కానీ అది వినడం రాని కంపెనీకి మనం చేసే సాయం. సరిగ్గా చేసినవాళ్ళు కూడా ఉన్నారు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఏండ్లుగా కుడి క్లిక్‌తో వస్తువును ఎంచుకునేవారు. 2019 జులైలో 2.80 వచ్చినప్పుడు ఎడమ క్లిక్‌కు మార్చారు. అయితే మొదటిసారి తెరవగానే ఏ క్లిక్‌తో ఎంచుకుంటావని అదే అడుగుతుంది. పాతవాళ్ళు కుడి అన్నారు, పని కొనసాగింది. ఎవరి చేతి అలవాటూ చెడలేదు. వికీపీడియా 2023 జనవరిలో ఇంగ్లిష్ సైటు రూపం మార్చింది, లాగిన్ అయినవాళ్ళకు పాత రూపం ఎంచుకునే వీలుంచింది. అడిగితే పోయేదేముంది?


బురుజు నీడ (కర్నూలు)

సార్, పోయేది ఉంది, అది కూడా చెప్పాలి. రెండు స్క్రీన్లు ఉంచితే ప్రతి కొత్త సదుపాయమూ రెండుసార్లు రాయాలి, రెండుసార్లు పరీక్షించాలి. చిన్న కంపెనీ మోయలేదు. ఇంకా గట్టి కారణం ఒకటుంది. స్క్రీన్‌తో పాటు వెనక సర్వర్లు, డేటా అమరిక కూడా మారితే పాత స్క్రీన్ తిరిగి తేవడమే కుదరదు.

స్పీకర్లు అమ్మే సోనోస్ 2024 మేలో కొత్త యాప్ ఇచ్చింది. అలారం, స్లీప్ టైమర్ లాంటివే లేకుండా వదిలారు. జనం భగ్గుమన్నారు. పాత యాప్ మళ్ళీ ఇవ్వాలని వాళ్ళూ ఆలోచించారు, పరీక్షించి చూస్తే ఇంకా చెడిపోతుందని తేలింది. జులైలో సీఈవో క్షమాపణ చెప్పాడు. 2025 జనవరిలో పదవి వదిలాడు. అంటే వెనక్కి వచ్చే దారి విడుదలకు ముందే కట్టుకోవాలి, గోల మొదలయ్యాక కట్టలేరు.

అలవాటు ఆస్తి అన్న మాట నేను కాదనను. మా మీటింగుల్లో ఆ మాట అనేవాళ్ళు తక్కువ. ఇకమీద నేను అంటాను.


పెన్న ఒడ్డు (కడప)

అందరివీ చదివినా. ఇది నేను రాసిన ముసాయిదా. దిద్దండి.

"విషయం: సేల్స్ బిల్లులో బ్యాచ్ విండో కీబోర్డుతో పనిచేయడం లేదు, ఎక్స్‌పైరీ తేదీ దాగి ఉంది.

మీ కొత్త వెర్షన్‌లో సేల్స్ బిల్లు తెరిచి, మందు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే బ్యాచ్ విండో వస్తుంది. అందులో బాణం కీలు పనిచేస్తాయి, ఎంటర్ పనిచేయదు. మౌస్‌తో నొక్కాల్సి వస్తోంది. పొరపాటున ఎస్కేప్ నొక్కితే విండోతో పాటు బిల్లులో ఆ వరుస కూడా పోతుంది. పాత వెర్షన్‌లో ఎస్కేప్ నొక్కితే విండో మాత్రమే మూసుకునేది. ఎక్స్‌పైరీ కాలమ్ చూడాలంటే ప్రతి మందుకూ విడిగా బాణం గుర్తు నొక్కాలి, బిల్లు మూసి తెరిస్తే మళ్ళీ దాక్కుంటుంది. దీనివల్ల గడువు దగ్గరపడిన బ్యాచ్ గుర్తించడం ఆలస్యమై ఉదయం కార్గోకు బిల్లులు అందడం లేదు.

మీ డిజైనర్లు ఏనాడూ మందుల అంగట్లో నిలబడలేదని తెలుస్తోంది. అంగట్లో కూర్చొని ఒక్కరోజు బిల్లులు కొడితే మా బాధ తెలుస్తుంది. వెంటనే పాత స్క్రీన్ తిరిగి ఇవ్వగలరు."


బురుజు నీడ (కర్నూలు)

అన్నా, మొదటి భాగం అద్భుతంగా ఉంది. ఎస్కేప్ సంగతి మీరు ఇంతకుముందు చెప్పలేదు. చేతిలో ఉన్న డేటా పోవడం అది, అన్నిటికంటే పెద్దది. దాన్ని పైకి తెచ్చి మొదటి వాక్యం చేయండి. చివరి పేరా తీసేయండి. అందులో నిజం ఉంది, కానీ చదివినోడు అక్కడ నొచ్చుకొని పైనున్నదంతా మరిచిపోతాడు. "పాత స్క్రీన్ ఇవ్వండి" అంటే "కుదరదు" అని ఒక్క మాటతో మూసేస్తారు. దానికి బదులు మూడు చిన్న కోరికలు అడగండి. ఎంటర్ పనిచేయాలి, ఎస్కేప్ వరుసను చెరపకూడదు, ఎక్స్‌పైరీ కాలమ్ ఒకసారి తెరిస్తే అట్లే నిలవాలి. గుమాస్తా చేతులు, స్క్రీన్ రెండూ కనపడేటట్టు సెల్‌ఫోన్‌లో చిన్న వీడియో తీసి జతచేయండి. పాతదానిలో బిల్లు, కొత్తదానిలో అదే బిల్లు. వాదన అక్కర్లేదు.


హంద్రీ (ఆదోని)

డీలరును మరిచిపోవద్దు. ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రెన్యువల్ డబ్బు వసూలు చేసేది ఆయనే కదా. సపోర్టు మెయిలుకు పంపినదే ఆయనకూ పంపండి. ఆయన ఫోన్ చేస్తే కంపెనీలో ఎత్తే మనిషి వేరే. మేం మా యాప్ సంగతి విడివిడిగా మొరపెట్టుకున్నప్పుడు ఎవరూ కదల్లేదు. వేరే వేరే మండలాల వాళ్ళం ఒకే స్క్రీన్‌షాట్ ఒకే రోజు పై ఆఫీసుకు పంపినాం, అప్పుడు రద్దు బటన్ రంగు మార్చి, "నిజంగా రద్దు చేయాలా" అని అడిగేటట్టు పెట్టినారు. చోటు మార్చలేదు. అయినా ఇప్పుడు వివరాలు పోవడం లేదు.

మీ మందుల వ్యాపారుల సంఘంలో అదే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళతో కూడా పంపించండి.


గడియార స్తంభం (అనంతపురం)

2022 జులైలో ఇన్‌స్టాగ్రామ్ ఫుల్ స్క్రీన్ ఫీడ్ పరీక్షించి చూస్తుంటే, కోట్లమంది ఫాలోవర్లున్న అమెరికా సెలబ్రిటీలు కైలీ జెన్నర్, కిమ్ కార్దాషియన్ పాత ఇన్‌స్టాగ్రామ్ కావాలని పోస్టు పెట్టినారు, కొద్దిరోజుల్లో కంపెనీ వెనక్కి తగ్గింది. మామూలు జనం అంతకుముందు నుంచి అరుస్తూనే ఉన్నారు. కడప వ్యాపారికి ఆ గొంతు యాడుంది? హంద్రీ అక్క చెప్పినట్టు గుంపుగా పోవడమే మన గొంతు.


పెన్న ఒడ్డు (కడప)

కబురు చెప్పడానికి వచ్చినా. బురుజు నీడ తమ్ముడు చెప్పినట్టే దిద్దినా, వీడియో పెట్టినా. ప్రొద్దుటూరు, రాజంపేట హోల్‌సేల్ వాళ్ళు కూడా తమ పేర్లతో అదే పంపినారు. డీలరుకూ పంపినా.

మొదట మళ్ళీ అదే "విలువైనది" జవాబే వచ్చింది. తర్వాత కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, ఇంజినీరట. పొద్దున బిల్లింగ్ జరిగేటప్పుడు వీడియో కాల్‌లో చూస్తానండి అనింది. ఫోన్ అల్మరాకు ఆనించి పెట్టినాం. ఆ అమ్మాయి మాట్లాడకుండా చాలాసేపు చూసింది. మా గుమాస్తా ఎడమ చేత్తో చీటీలు తిప్పుతా, కుడి చేత్తో అంకెల కీలు కొడతా, బ్యాచ్ దగ్గరికొచ్చేసరికి చీటీ కింద పెట్టి మౌస్ పట్టుకోవడం చూసి, "ఎడమ చెయ్యి ఖాళీగా ఉండదని మేం అనుకోలేదండీ" అనింది. వాళ్ళ ఆఫీసులో పరీక్షించేటప్పుడు చేతిలో చీటీలు ఉండవు కదా. ఇన్ని మాటల్లో మాకు మర్యాద అనిపించింది ఆ ఒక్క మాటే.

ఎంటర్ సంగతి వచ్చే ప్యాచ్‌లో, అంటే చిన్న అప్‌డేట్‌లో, సరిచేస్తారంట. ఎక్స్‌పైరీ కాలమ్‌కు సెట్టింగ్ ఇస్తారంట. ఎస్కేప్ విషయం "పరిశీలనలో ఉంది" అన్నారు. పాత స్క్రీన్ రాదు, డేటా అమరిక మారిపోయింది అన్నారు. బురుజు నీడ చెప్పిన కారణమే.


తుంగభద్ర గట్టు (కర్నూలు)

సంతోషం. ఒక్క సాయం చేయగలరా? ఆ ఇంజినీరు గారిని అడగండి, కొత్త విండోలో బటన్లకు పేర్లు రాశారా అని. కీబోర్డుతో పనిచేసేటట్టు చేస్తున్నారంటే సగం పని మాకూ అయినట్టే. ట్రయల్ వెర్షన్ లింకు ఇస్తే ఎన్‌వీడీఏతో నడిపి, ఎక్కడ పేరు లేదో రాసి పంపుతాను. బిల్లింగ్ సీట్లో చూపులేనివాళ్ళు ఎందుకు కూర్చోకూడదు?


పెన్న ఒడ్డు (కడప)

అడిగినా సార్. ట్రయల్ లింకు మీకు ఇక్కడే మెసేజ్‌లో పంపినా. మీరు రాసింది నేరుగా తనకే పంపమనింది.

ప్యాచ్ వచ్చింది. ఆదివారం అంగడి మూసినాక ఒక్క కంప్యూటరులోనే వేసి చూస్తా, మిగతావి అట్లే ఉంచుతా. ఏఎంసీ డబ్బు మాత్రం ఎస్కేప్ సంగతి తేలినాకే కడతానని డీలరుకు చెప్పినా. ఆయనా సరే అన్నాడు, ఆయనకూ పదిచోట్ల నుంచి అదే మాట వస్తాందంట.


బురుజు నీడ (కర్నూలు)

ప్యాచ్ వేసే ముందు డేటా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, పెన్‌డ్రైవ్ కంప్యూటరు నుంచి పీకి పక్కన పెట్టుకో అన్నా. డేటా అమరిక మారిందన్నారు కాబట్టి, ప్యాచ్ తేడా చేస్తే వెనక్కి రావడానికి ఆ బ్యాకప్ ఒక్కటే దారి.